చందమామకు గుడి కడితే వాన వస్తుందా?

ప్రశ్న: మాది పులివెందుల పక్క పల్లె, అరటి తోట గెలల మీద ఉంది. మొన్న రాత్రి చందమామ చుట్టూ పెద్ద గుడి కట్టింది. మా జేజి చూసి ‘దూరం గుడి దగ్గర వాన’ అనింది, మర్నాడు సాయంత్రమే గాలివాన కొట్టింది. ఇది నిజమేనా?

జవాబు: జేజి మాటలో పస ఉంది తమ్ముడూ. ఆరేడు కిలోమీటర్లకు పైన, పల్చటి తెర లాంటి మబ్బులో ఉండేది నీళ్లు కాదు, ఆరు పలకల మంచు పలుకులు. వాటిలో దూరి వంగిన వెన్నెలే చంద్రుడికి 22 డిగ్రీల దూరంలో వలయంగా కనిపిస్తుంది, అంటే చెయ్యి చాపి వేళ్లు విప్పితే దాదాపు జానెడు. దగ్గరగా, రంగురంగుల మసకలా కట్టే చిన్న గుడి వేరు, అది సన్నటి నీటి బొట్ల వల్ల వస్తుంది.

వాన తెచ్చే పెద్ద మబ్బులకు ముందు ఈ మంచు తెర రావడం మామూలే, అందుకే సామెత చాలాసార్లు నిలబడుతుంది. కానీ మన చైత్ర, వైశాఖాల గాలివానలు ఎక్కువగా ఆ రోజు ఎండకే పుడతాయి, మధ్యాహ్నం దాకా నేల కాగి, తేమ గాలి పైకి లేచి, సాయంత్రానికి విరుచుకుపడతాయి. ముందు రాత్రి గుడి లేకపోయినా వస్తాయి, కట్టినా ఒక్కోసారి రావు. కాబట్టి గుడి కోసం చూస్తూ కూర్చోవద్దు, గెల వేసిన ప్రతి చెట్టుకూ ఇప్పుడే ఊతకర్ర కట్టించు. ఉక్కపోత మధ్యలో ఉన్నట్టుండి చల్లగాలి కొట్టిందంటే ఉరుము దగ్గరికి వచ్చేసినట్టే, తోటలో ఉండొద్దు, చెట్టు కిందికి అసలు పోవద్దు.