మానేసిన కుర్రాడు దూరం నుంచే రివ్యూలు చెరిపేస్తే...

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు అమ్మే మా వెబ్‌సైట్‌ను మా వీధి కుర్రాడే వర్డ్‌ప్రెస్‌లో చేశాడు. సొంత పిల్లాడిలా చూసుకున్నాం. జీతం దగ్గర మాటామాటా పెరిగి ఉగాదికి మానేశాడు. వెంటనే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాం. అయినా మొన్న రాత్రి ఖాతాదారులు రాసిన రివ్యూలన్నీ పోయాయి. స్టేషన్‌కు వెళ్తే ‘ఇందులో దొంగతనం ఏముంది’ అన్నారు. అతని మెయిల్ పాస్‌వర్డ్ మా అబ్బాయికి తెలుసు. తెరిచి చూడమంటారా?

జవాబు: పిల్లాడిలా చూసుకున్న సంగతి కేసుకు అక్కరకు రాదు. మొన్న రాత్రికి అతనికి మీ అనుమతి ఉందా, లేదా? అంతా అక్కడే తేలుతుంది. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోని సమాచారం చెరిపేయడం ఐటీ చట్టం సెక్షన్ 43 కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ‘ఇక సైట్ ముట్టుకోకు’ అని వాట్సాప్‌లోనైనా రాశారా? రాసినట్టు మీ ఉత్తరంలో లేదు. అతని లాయరు పట్టుకునేది దాన్నే. మానేస్తున్నానని అతను పెట్టిన మెసేజ్, జీతం లెక్క తేల్చిన కాగితం ఉంటే వెతకండి.

పాస్‌వర్డ్ మార్చామన్నారు. వర్డ్‌ప్రెస్‌లో ‘అప్లికేషన్ పాస్‌వర్డ్’ అని ఇంకోటి ఉంటుంది. అసలుది మార్చినా అది రద్దు కాదు. అది చేతిలో ఉంటే సైట్‌లోకి లాగిన్ కాకుండానే, ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ సైట్‌తో నేరుగా మాట్లాడే దారి) ద్వారా ఎక్కడి నుంచైనా డిలీట్ ఆదేశం పంపొచ్చు. మానేసిన గుమాస్తా దగ్గర గోడౌన్ రెండో తాళంచెవి వదిలేస్తారా? ఇది నిర్లక్ష్యం కాక మరేమిటి!

మీ అదృష్టం, సాక్ష్యమూ అక్కడే దొరకొచ్చు. అడ్మిన్ ప్రొఫైల్ పేజీ అడుగున ఆ పాస్‌వర్డ్ ఎదురుగా చివరిసారి వాడిన తేదీ, ఐపీ అడ్రస్ ఉంటాయి. రద్దు చేస్తే ఆ వరుస మొత్తం పోతుంది. అందుకే ముందు స్క్రీన్‌ను వీడియో తీసి, ఆ తర్వాతే రద్దు చేయండి. ఆ రాత్రి యాక్సెస్ లాగ్ (సైట్‌కు ఎవరు ఎప్పుడు వచ్చారో రాసుకునే చిట్టా) భద్రపరచమని, మీ సైట్‌ను తన సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ కంపెనీకి ఇవాళే మెయిల్ పెట్టండి. ఈ నేరాన్ని కోర్టు విచారణకు తీసుకునే గడువు మూడేళ్లు. లాగ్ అన్నాళ్లు ఉండదు. వర్డ్‌ప్రెస్‌లో తీసేసినవి చేరే ‘ట్రాష్’ కూడా చూడండి. మామూలుగా తీసినవైతే 30 రోజులు అందులోనే ఉంటాయి. దొరికినా వెంటనే వెనక్కి తేవద్దు, ముందు డేటాబేస్ కాపీ తీయించండి. దానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) సర్టిఫికెట్, హాష్ విలువతో (కాపీ మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటి సంఖ్య) సహా, జతచేయాలి.

మెయిల్ జోలికి మాత్రం పోవద్దు. తెరిస్తే అదే సెక్షన్ 66 మీ అబ్బాయి మెడకు చుట్టుకుంటుంది.

ఇది పోలీసులు నేరుగా కేసు కట్టాల్సిన నేరమే. దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి చేయాలి. మళ్లీ వెనక్కి పంపితే ఫిర్యాదును శ్రీకాకుళం ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. నష్టపరిహారానికి సివిల్ కోర్టుకు వెళ్లొద్దు, ఐటీ చట్టం సెక్షన్ 61 అడ్డొస్తుంది. 5 కోట్ల లోపు క్లెయిమ్ అయితే అడ్జుడికేటింగ్ అధికారిగా (ఆ చట్టం కింద పరిహారం తేల్చే అధికారి) రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి వింటారు. రివ్యూలు పోయాక ఆర్డర్లు ఎంత తగ్గాయో జీఎస్టీ రిటర్నులతో లెక్క కట్టి అక్కడ వేయండి.