గుడ్లగూబ చిహ్నమా, ప్రతీకా?

సందేహం: ప్రాచీన ఏథెన్స్ వెండి నాణెం గురించిన ఒక వ్యాసంలో ‘దానిమీది గుడ్లగూబ జ్ఞానానికి చిహ్నం’ అని చదివాను. ఇక్కడ చిహ్నం సరైనదా, ప్రతీక సరైనదా? గ్రీకుల వెండి నాణెం ద్రాక్మాను ‘ద్రమ్మము’ అని రాయవచ్చునా?

సమాధానం: చిహ్నం అంటే దేన్నయినా గుర్తుపట్టించేది, పొగ నిప్పుకు చిహ్నం. కంటికి కనబడని భావానికి బదులుగా నిలిచేది ప్రతీక. పావురం శాంతికి ప్రతీక. కాబట్టి మీరు చదివిన వాక్యంలో ‘ప్రతీక’ ఉంటే బాగుండేది. అయితే క్రీ.పూ. 5వ శతాబ్దిలో ఆ నాణెం పట్టుకున్నవాడికి గుడ్లగూబ ముందుగా చెప్పింది జ్ఞానం సంగతి కాదు, ఊరి సంగతి. సుమారు 17 గ్రాముల ఆ నాలుగు ద్రాక్మాల నాణేనికి ఒకవైపు శిరస్త్రాణం ధరించిన ఎథీనా ముఖం ఉంటుంది. ఆమె ఆ ఊరి దేవత, జ్ఞానానికి అధిదేవత; గుడ్లగూబ ఆమె పక్షి. రెండోవైపు, ఒళ్లు పక్కకు తిప్పి కళ్లు మాత్రం సూటిగా మనమీదే నిలిపిన గుడ్లగూబ, దాని వెనుక ఆలివ్ రెమ్మ, చిన్న నెలవంక, ముందు ఆల్ఫా, థీటా, ఎప్సిలన్ అనే మూడక్షరాలు ఉంటాయి. ఆ అక్షరాలకు అర్థం ‘ఏథెన్స్ వారిది’ అని. గుడ్లగూబ చేసే పనీ అదే. ఆ పనికి మన భాషలో చక్కని మాట ‘లాంఛనం’.

ఏథెన్స్ వాళ్లు ఆ నాణేలను వాడుకలో ‘గుడ్లగూబలు’ అనే పిలిచేవారు. ఇది మనకు వింత కాకూడదు. వరాహ లాంఛనం వల్ల బంగారు నాణేన్ని ‘వరహా’ అన్నవాళ్లమే కదా! మనం అపశకునమని తోలే పిట్టకు మనవాళ్లే ‘పైడికంటి’ అని ఎంత ముద్దుపేరు పెట్టారో కూడా గమనించండి.

ఇక ద్రమ్మము. గ్రీకు ద్రాక్మాయే సంస్కృతంలో ‘ద్రమ్మ’ అయి మనదాకా వచ్చిందన్నది నిజమే. కాని పుట్టుక ఒకటైనంత మాత్రాన విలువ ఒకటి కాదు. ద్రాక్మా అంటే మొదట ‘పిడికెడు’. దానికి ఓబోలు అనే చిన్న నాణేలు ఆరు. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుల గణిత గ్రంథం లీలావతి లెక్కలో ద్రమ్మానికి పదహారు పణాలు. ఏథెన్స్ నాణేన్ని ద్రమ్మమంటే చదువరి ఈ లెక్కలోకి జారిపోతాడు. అందుచేత అక్కడ ‘ద్రాక్మా’ అనే రాయండి.