జాంబీల ఊళ్లో మొదటి నెల: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ‘ప్రాజెక్ట్ జాంబాయిడ్’ గురించే. ది ఇండీ స్టోన్ సంస్థ తయారుచేసిన ఈ జాంబీల కంప్యూటర్ గేమ్ 1993 జూలైలో, అమెరికాలోని కెంటకీలో మొదలవుతుంది. కథా లేదు, గెలుపూ లేదు. ఎన్నాళ్లు బతికామన్నదే లెక్క. కింద ఇచ్చిన అంకెలు బిల్డ్ 41 (గేమ్ 41వ వెర్షన్)లోని అపోకలిప్స్ అనే ఆట తీరుకు చెందినవి. 2024 డిసెంబర్‌లో ప్రయోగదశలో వచ్చిన బిల్డ్ 42లో కొన్ని మారాయి.

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి): చేతిలో క్రోబార్ ఉంది. మొదటి ఏడెనిమిది జాంబీలు రెండు మూడు దెబ్బలకే పడిపోతాయి. ఆ తర్వాత ఎన్ని దెబ్బలేసినా లేచి వచ్చేస్తున్నాయి. ఆయుధం మార్చాలా సార్?

జవాబు: క్రోబార్ బాగానే ఉంది, మీ క్యారెక్టర్‌కు ఆయాసం వచ్చింది. స్క్రీన్ కుడివైపు ఆయాసం బొమ్మ మొదటి మెట్టులో కనబడగానే దెబ్బ బలం సగానికి పడిపోతుంది. రెండో మెట్టులో ఐదో వంతే మిగులుతుంది. అలిపిరి మెట్లు పరుగున ఎక్కి గాలిగోపురం దగ్గర కర్ర తిప్పినట్టు ఉంటుంది వ్యవహారం. నిద్ర చాలకపోయినా ఇలాగే దెబ్బ తగ్గుతుంది. ఆ రెండూ కలిస్తే గొడ్డలి పట్టుకున్నా ఫలితం ఉండదు.

అందుకే ఆ బొమ్మ కనిపించిన క్షణమే కొట్టడం ఆపండి. పరుగెత్తొద్దు, నడవండి. మామూలు సెట్టింగ్‌లో జాంబీల కంటే మీ నడకే వేగం. దూరంగా వెళ్లి, ఒక ఇంట్లో తలుపేసుకుని, కూర్చుని ఊపిరి తీసుకున్నాకే మళ్లీ బయటికి రండి. పోరుకు పోయేముందు బరువైన సంచి నేలమీద దించేయండి. మోయగలిగినదానికి మించి మోస్తే ఆయాసం ఇంకా తొందరగా వస్తుంది. నడుమెత్తు కంచెలు మీకు మంచి తోడు. మీరు ఇవతల నిలబడితే, కంచె దాటబోయిన జాంబీ ఇటువైపు బోర్లా పడుతుంది. పడినదాన్ని కొట్టడానికి శ్రమ తక్కువ. ఒక్కొక్కటిగానే రానివ్వండి. మూడు కలిసి వస్తే వెనక్కి నడవడమే సరి.

ప్రశ్న (గ్రీమ్స్‌పేట, చిత్తూరు): క్యారెక్టర్ చేసేటప్పుడు పాయింట్లు ఎట్లా వాడాలో తెలియడం లేదు. కొత్తవాళ్లకు ఒక కూర్పు చెప్పండి.

జవాబు: వృత్తి ‘అన్‌ఎంప్లాయిడ్’ పెట్టండి, 8 పాయింట్లు చేతికొస్తాయి. క్యారెక్టర్‌కు లోపాలు పెడితే ఇంకొన్ని పాయింట్లు కలుస్తాయి: స్మోకర్ (పొగ అలవాటు, 4), హై థర్స్ట్ (ఎక్కువ దాహం, 6), వీక్ స్టమక్ (బలహీనమైన కడుపు, 3), షార్ట్ సైటెడ్ (దూరపు చూపు తక్కువ, 2) తీసుకుంటే మొత్తం 23. వాటితో స్ట్రాంగ్ (10), అథ్లెటిక్ (10), క్యాట్స్ ఐస్ (చీకట్లో మంచి చూపు, 2) కొనండి. ఒకటి మిగిలినా నష్టం లేదు.

బలం, ఫిట్‌నెస్ మీదే ఇంత ఖర్చు ఎందుకంటే, ఆటలో అన్నిటికంటే మెల్లగా పెరిగేవి ఆ రెండే. వడ్రంగం, వంట లాంటివి పుస్తకాలు చదివి, టీవీ చూసి నేర్చుకోవచ్చు. ఫిట్‌నెస్‌కు అలాంటి దగ్గరి దారి లేదు. థిన్ స్కిన్డ్ (పలచని చర్మం) 8 పాయింట్లు ఇస్తుందని ఆశపడి తీసుకోకండి. ప్రతి గీతా మీ ప్రాణం మీదికొస్తుంది.

ప్రశ్న (రేణిగుంట): రెండో వారంలో కుళాయి ఆగిపోయింది, తర్వాత కరెంటూ పోయింది. జనరేటర్ దొరికింది కానీ కనెక్ట్ చేసే ఆప్షనే రావడం లేదు. నీళ్లకు దారేది?

జవాబు: రెండూ మొదటి 30 రోజుల్లో ఎప్పుడైనా పోవచ్చు, ఏ రోజన్నది ప్రతి ఆటలో మారుతుంది. అందుకే మొదటి రోజే కనిపించిన సీసా, గిన్నె, బకెట్ అన్నీ నింపిపెట్టాలి.

మీకు ఆప్షన్ రాకపోవడానికి కారణం ‘హౌ టు యూజ్ జనరేటర్స్’ పత్రిక చదవకపోవడమే. ఎలక్ట్రీషియన్ వృత్తి తీసుకున్నవారికి మాత్రం అది అక్కర్లేదు. పుస్తకాల షాపుల్లో, పోస్టాఫీసుల్లో, ఇళ్ల ముందున్న పోస్టు డబ్బాల్లో వెతకండి. దొరికాక జనరేటర్‌ను ఇంటి బయటే పెట్టండి. లోపల పెడితే ఆ పొగకు నిద్రలోనే చనిపోతారు. చుట్టూ 20 గడుల (ఆటలో నేలను విభజించిన చదరాల) దాకా కరెంటు ఇస్తుంది. పెట్రోలు పోయాలన్నా, ఎలక్ట్రానిక్స్ స్క్రాప్‌తో బాగుచేయాలన్నా ముందు ఆఫ్ చేయాలి. పాడైపోయిందాకా వాడితే మంటలు లేస్తాయి. పెట్రోలు బంకు పంపులకూ కరెంటు కావాలి. ఊళ్లో కరెంటు పోయాక బంకు పక్కనే ఒక జనరేటర్ పెట్టి పట్టుకోవాల్సిందే.

నీళ్ల సంగతికొస్తే, వాన నీటి పీపాయికి వడ్రంగం 4వ లెవెల్ ఉండాలి. సామాను: 4 పలకలు, 4 మేకులు, 4 చెత్త సంచులు. లెవెల్ పెరగడానికి సుత్తి, రంపం పట్టుకుని ఇళ్లలోని కుర్చీలూ మంచాలూ విడగొట్టండి. దానికి ముందే వడ్రంగం మొదటి సంపుటం చదవాలి. అది 1, 2 లెవెళ్లకే పనిచేస్తుంది, ఆపైన రెండో సంపుటం. చదవకుండా విరగ్గొట్టిన సామానంతా వృథా అయినట్టే. మొదటి వారం ‘లైఫ్ అండ్ లివింగ్’ ఛానెల్‌లో ఉదయం 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6 గంటలకు పాఠాలు వస్తాయి. వాటిని వదులుకోవద్దు.

పీపాయి నీళ్లు కాచకుండా తాగితే జబ్బు చేస్తుంది. కాచే పని తప్పాలంటే పీపాయిని మేడమీద, సరిగ్గా కింది సింక్‌కు పైన గానీ దాని పక్క గడిలో గానీ పెట్టి, పైప్ రెంచ్‌తో సింక్‌కు కలపండి. ఆ నీళ్లు నేరుగా తాగొచ్చు. చాలామందికి ఇక్కడే పని చెడుతుంది: ఇంట్లో మొదటినుంచీ ఉన్న సింక్‌కు కలిపే ఆప్షన్ రాదు. దాన్ని ఒకసారి ఊడదీసి మళ్లీ అక్కడే పెట్టాలి.

ప్రశ్న (పుత్తూరు): చిన్న గీత పడింది. కట్టు కట్టాను, యాంటీబయాటిక్స్ కూడా మింగించాను. అయినా మూడో రోజుకు చచ్చి జాంబీ అయ్యాడు. ఏం తప్పు చేశాను?

జవాబు: మీ తప్పేం లేదు. జాంబీ గోరు గీరితే 7 శాతం, చర్మం చీరుకుంటే 25 శాతం, కొరికితే 100 శాతం విషం ఎక్కుతుంది. ఎక్కాక మందు లేదు. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. పుండు చీము పట్టడం వేరే సంగతి. క్రిమిసంహారకాలూ యాంటీబయాటిక్స్‌ దానికి మాత్రమే. చెడిపోయిన తిండి తినకుండా, శవాల గుట్ట దగ్గర తిరగకుండా ఒంట్లో వికారం మొదలైతే అది విషమేనని అనుమానించండి. అప్పుడు మంచి సామానంతా ఇంట్లోనే పెట్టేయండి. అదే లోకంలో కొత్త క్యారెక్టర్‌తో వచ్చి తీసుకోవచ్చు. ఈ బెడద వద్దనుకుంటే శాండ్‌బాక్స్‌లో (నియమాలు మనమే మార్చుకునే ఆట తీరులో) ‘ట్రాన్స్‌మిషన్’ (విషం ఎక్కే తీరు) దగ్గర ‘నన్’ (None, ఏదీ వద్దు) పెట్టుకుని ఆడండి. నేర్చుకునే రోజుల్లో అది సబబైన పనే.

ప్రశ్న (శ్రీకాళహస్తి): ఉన్నట్టుండి హెలికాప్టర్ వచ్చింది, ఊరంతా నా ఇంటి మీదికి వచ్చింది. ఎందుకు?

జవాబు: ఆరో రోజు నుంచి తొమ్మిదో రోజు లోపు ఒకసారి వస్తుంది. ఆ శబ్దం వెంట జాంబీలు కదులుతాయి, హెలికాప్టర్ మీ వెంట తిరుగుతుంది. ఆ నాలుగు రోజులకూ తిండి, నీళ్లు ముందే చేర్చుకుని గడప దాటకండి. బయట ఉండగా వస్తే మాత్రం స్థావరానికి పరుగెత్తుకు రావద్దు, మందను మీరే ఇంటికి తోలుకొచ్చినట్టవుతుంది. దగ్గర్లోని వేరే ఇంట్లో దాక్కోండి.

ప్రశ్న (బైరాగిపట్టెడ, తిరుపతి): రూములో ముగ్గురం, ఒకటే వైఫై. కలిసి ఆడాలంటే సర్వర్ అద్దెకు తీసుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. ముగ్గురికీ సొంత కాపీలు ఉంటే చాలు. ఎక్కువ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో ‘హోస్ట్’ నొక్కి, సర్వర్‌కు మెమరీ కేటాయించి, మిగతా ఇద్దరినీ స్టీమ్‌ (గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) ద్వారా పిలవండి. చేరలేకపోతే గేమ్ వెర్షన్, మాడ్‌లు (గేమ్‌కు విడిగా కలుపుకునే మార్పులు) అందరివీ ఒకటేనా అని మొదట చూడండి. హోస్ట్ ఆట ఆపితే మిగతావాళ్లకూ ఆగిపోతుంది. రూములో కరెంటు పోతే సేవ్ చెడిపోవచ్చు. రోజూ ఆట ముగించాక హోస్ట్ కంప్యూటర్‌లో యూజర్ ఫోల్డర్ కింద ఉండే ‘జాంబాయిడ్’ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.