మైనస్‌తో భాగిస్తే అసమీకరణంలో గుర్తు ఎందుకు తిరగబడుతుంది?

పొదలకూరు మార్కెట్లో కిలో నిమ్మకాయలు 40 రూపాయలు అనుకోండి. చేతిలో 500 ఉన్నాయి, ఇంటికి ఆటోకి 100 మిగలాలి. కొనే కిలోలు ‘క’ అయితే:

500 − 40క ≥ 100
−40క ≥ −400
క ≤ 10

చివరి మెట్టులో −40తో భాగించాం, గుర్తు తిరిగింది. తిప్పకుండా క ≥ 10 అని రాస్తే? 11 పెట్టి చూడండి: 500 − 440 = 60. ఆటో డబ్బుల్లేవు, నడకే!

కారణం చిన్నదే. 2 < 5, కానీ రెండిటినీ −1తో భాగిస్తే, సంఖ్యారేఖ మీద −2 మాత్రం −5కి కుడివైపున ఉంటుంది, కాబట్టి −2 > −5.

ఎక్కువమంది తప్పేది ఇంకోచోట: 40క ≥ −400 లాంటి వేరే లెక్కలో మైనస్ కనపడగానే తిప్పేస్తారు. భాగించేది +40తో, తిప్పకూడదు. మన నిమ్మకాయల లెక్కలో గుర్తు తిప్పడానికి భయమైతే −40కని అవతలికి పంపండి: 400 ≥ 40క. కాకపోతే 10 ≥ క అంటే క ≤ 10 అనే చదవాలి.