లాభం ఒక చోట, లెక్క మరో చోట

పోయిన సంచికలో రిటర్నుల గురించి రాస్తూ, పెద్ద కంపెనీలు లాభాలను పరాయి దేశాలకు తరలించి పన్ను తగ్గించుకుంటాయని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. అది సరిపోలేదని ఉత్తరాల్లోనూ వాట్సాప్‌లోనూ చాలామంది గట్టిగానే చెప్పారు. అందుకని ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి దీనికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మాది చిన్న జీడిపప్పు బట్టీ. నాలుగు వేల చిల్లర తేడా ఉందని నోటీసొస్తే రెండుసార్లు ఆడిటర్ గారి చుట్టూ తిరిగాను. మరి వేల కోట్లు సంపాదించేవాళ్లు పన్ను కట్టకుండా ఎలా తప్పించుకుంటున్నారు? ఇదేటి న్యాయం?
– ఒక వ్యాపారి, పలాస

మీ పలాస లెక్కతోనే చెబుతాను బాబూ. మీరు ఏడాదికి 20,000 కిలోల పప్పు అమ్మారు, కిలోకి 50 రూపాయల చొప్పున 10 లక్షలు మిగిలింది అనుకుందాం. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా కదా, అక్కడ అసలు ఆదాయపు పన్నే లేదని కూడా అనుకోండి, ఊరికే అనుకోవడానికే. మీరేం చేస్తారంటే, ప్యాకెట్ మీద ఉండే మీ బ్రాండు పేరును ఆ పక్కన మీరే పెట్టుకున్న ఇంకో కంపెనీ పేరున రాసేస్తారు. ఇకనుంచి ఆ పేరు వాడుకుంటున్నందుకు పలాస బట్టీ కిలోకి 45 రూపాయలు రాయల్టీ కట్టాలని ఒప్పందం రాసుకుంటారు. రెండు వైపులా సంతకం మీదే. ఏడాది తిరిగేసరికి పలాస పుస్తకంలో లాభం లక్ష, అవతలి పుస్తకంలో 9 లక్షలు. పిక్కలు కొన్నదీ, కాల్చి కొట్టించిందీ, జీడి రసానికి చేతులు నల్లబడ్డదీ అంతా పలాసలోనే. పద్దు మాత్రమే సరిహద్దు దాటింది.

అసలు కిటుకు ఇంతే. మిగతావన్నీ దీనికి వేసిన తొడుగులు. బ్రాండు బదులు పేటెంటు, సాఫ్ట్‌వేర్, అప్పు మీద వడ్డీ, ‘సలహా’ రుసుము, సరుకు కొనుగోలు ధర, ఏదైనా పెట్టొచ్చు. సొంత కంపెనీల మధ్య వేసుకునే ఈ ధరనే ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ అంటారు. బయటివాడికి ఏ ధర వేస్తారో సొంతవాడికీ అదే వేయాలని చట్టం చెబుతుంది, మన దేశంలో 2001 నుంచి దీనికి పెద్ద అధ్యాయమే ఉంది. అయితే జీడిపప్పుకి మార్కెట్ ధర ఉంటుంది గానీ, ప్రపంచంలో ఒక్కడి దగ్గరే ఉన్న పేటెంటుకి, పేరుకి మార్కెట్ ధర ఎక్కడ దొరుకుతుంది? చిక్కంతా అక్కడే.

నిజంగా జరిగినవి రెండు మూడు చెబుతాను. స్టార్‌బక్స్ 1998లో బ్రిటన్‌లో కాఫీ అమ్మడం మొదలుపెట్టింది. 2012 వరకు అక్కడ అమ్మకాలు 300 కోట్ల పౌండ్లు, లాభం మీద కట్టిన కంపెనీ పన్ను 86 లక్షల పౌండ్లు. పేరు వాడుకున్నందుకు రాయల్టీ నెదర్లాండ్స్‌లోని సొంత కంపెనీకి, కాఫీ గింజల కొనుగోలు స్విట్జర్లాండ్‌లోని సొంత కంపెనీ నుంచి. ఇదంతా బయటపడ్డాక పార్లమెంటు కమిటీ వాళ్లను పిలిచి అందరి ముందూ నిలదీసింది. గూగుల్ అయితే ఐర్లండ్‌లో వచ్చిన డబ్బును నెదర్లాండ్స్ మీదుగా బెర్ముడా దీవులకి పంపేది, అప్పట్లో బెర్ముడాలో కంపెనీ లాభం మీద పన్ను సున్నా. ఒక్క 2017లోనే అలా వెళ్లింది 1,990 కోట్ల యూరోలు. ఈ దారికి ‘డబుల్ ఐరిష్, డచ్ శాండ్‌విచ్’ అని పేరు కూడా ఉంది. 2015 నుంచి కొత్తవాళ్లకి ఐర్లండ్ ఆ తలుపు మూసింది, పాతవాళ్లకి మాత్రం 2020 దాకా గడువిచ్చింది.

ఇక ఆపిల్ సంగతి. ఐర్లండ్‌లోని దాని కంపెనీ ఒకటి లాభంలో పెద్ద భాగాన్ని ‘హెడ్ ఆఫీసు’కి రాసేది, ఆ హెడ్ ఆఫీసు ఏ దేశంలోనూ లేదు, కాగితం మీదే ఉంది. 2014లో పది లక్షల యూరోల లాభానికి 50 యూరోల పన్ను పడిందని యూరప్ దేశాల కూటమి పాలక సంస్థ యూరోపియన్ కమిషన్ లెక్క తేల్చి, 1,300 కోట్ల యూరోలు వసూలు చేయమని 2016లో ఐర్లండ్‌ను ఆదేశించింది. ఐర్లండ్ మాకొద్దు అంటూ ఆపిల్ పక్షాన కోర్టుకి వెళ్లింది! 2020లో ఆ కూటమి కింది కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది, 2024 సెప్టెంబరులో పై కోర్టు మళ్లీ నిలబెట్టింది. తేలడానికి ఎనిమిదేళ్లు.

అంటే నోటీసులు వాళ్లకీ వస్తాయి. మీకు నోటీసొస్తే కొట్టు మూసుకుని ఆడిటర్ గారి దగ్గర కూర్చోవాలి, వాళ్లకొస్తే లాయర్ల దండు ఉంటుంది, తేడా అది. ఇంకొక్క మాట. లెక్క దాచి పన్ను ఎగ్గొట్టడం నేరం. పైన చెప్పినవన్నీ చాలావరకు చట్టం లోపలే నడిచాయి, నాకు కడుపు మండేది కూడా అందుకే.

ప్రశ్న: అలా పోగైన డబ్బంతా ఆ ద్వీపాల బ్యాంకుల్లోనే ఉంటుందా సార్? మరి వాళ్లు వాడుకునేది ఎలా?
– డిగ్రీ విద్యార్థి, బొబ్బిలి

మంచి ప్రశ్న అడిగావు బాబూ, చాలామంది పొరబడేది ఇక్కడే. కేమన్ దీవుల్లో అగ్లాండ్ హౌస్ అని అయిదంతస్తుల భవనం ఉంది. 2008లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ వెళ్లి చూస్తే, ఆ ఒక్క చిరునామా మీద 18,857 కంపెనీలు నమోదై ఉన్నాయి. అక్కడ డబ్బు గుట్టలు ఉండవు, ఫైళ్లు ఉంటాయి.

డబ్బు ఎక్కడుండేదంటే, సగం దాకా అమెరికాలోనే. 2011లో అమెరికా సెనేట్ ఉపసంఘం 27 పెద్ద కంపెనీలను ఆరా తీస్తే, ‘విదేశాల్లో ఉంది’ అని చూపించిన డబ్బులో దాదాపు సగం అమెరికా బ్యాంకుల్లో, అక్కడి బాండ్లలో, షేర్లలోనే ఉందని తేలింది. ఖాతా ఎవరి పేరున ఉందన్నదే లెక్క. విదేశీ అనుబంధ కంపెనీ లాభాన్ని మాతృసంస్థకి పంచే వరకు దాని మీద పన్ను అక్కర్లేదని అక్కడి పాత చట్టం. పంచకుండా ఎన్నేళ్లయినా కూర్చోవచ్చు.

మరి అవసరం పడితే? 2013లో ఆపిల్ చేసింది చూడు. బయట 10,000 కోట్ల డాలర్లకు పైగా ఉంది, వాటాదారులకు ఇవ్వడానికి డబ్బు కావాలి. ఉన్నది తెచ్చుకుంటే 35 శాతం లెక్కన పన్ను పడుతుంది. అందుకని 1,700 కోట్ల డాలర్లు బాండ్ల మీద అప్పు తెచ్చింది. వడ్డీ తక్కువ, దాన్ని ఖర్చు కింద రాసుకోవచ్చు కూడా. ఇంట్లో బీరువా నిండా డబ్బు పెట్టుకుని బయట అప్పు చేయడం మనకి వింతగా ఉంటుంది, వాళ్లకి మాత్రం అదే లాభం.

ఇంకో దారి, ఓపిక పట్టడం. 2004లో అమెరికా ఒక్కసారికి 5.25 శాతం కడితే చాలు తెచ్చుకోండి అంది. ఉద్యోగాలు పెరుగుతాయని ఆశ. 31,200 కోట్ల డాలర్లు వచ్చాయి, అందులో ఎక్కువ భాగం షేర్లు తిరిగి కొనడానికి, వాటాదారులకి పోయింది. ఒకసారి మాఫీ రుచి చూసినవాడు రెండోసారి కోసం ఎదురు చూడడా? చూశారు. 2017 చివర్లో కొత్త చట్టం వచ్చింది. కంపెనీ పన్ను 35 నుంచి 21 శాతానికి దిగింది, బయట పేరుకున్న నగదు మీద 15.5 శాతం ఒక్కసారి కట్టమన్నారు. ఆపిల్ 3,800 కోట్ల డాలర్లు కడతానంది. పెద్ద మొత్తమే. కానీ ఏ ఏటికి ఆ ఏడు కట్టి ఉంటే అంతకు చాలా ఎక్కువే అయ్యేది.

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో విదేశీ కంపెనీలో ఇంజనీరండీ. జీతం చేతికి రాకముందే పన్ను కోసేస్తారు. ఆ కంపెనీ కూడా మన దేశంలో కడుతుందా?
– ఒక తల్లి, నరసన్నపేట

కడుతుందమ్మా, కానీ దేని మీద అన్నది చూడాలి. ఇలాంటి ఆఫీసులు చాలావరకు అసలు కంపెనీకి ‘సేవలు అందించే’ కంపెనీగా నమోదై ఉంటాయి. జీతాలు, అద్దె, కరెంటు అన్నీ కలిపి ఎంత ఖర్చయితే అంతా, దాని మీద కొంత శాతం కలిపి బయటి కంపెనీకి బిల్లు వేస్తారు. 2017 నాటి నిబంధనల్లో సాఫ్ట్‌వేర్ సేవలకు ఖర్చు మీద 17, 18 శాతం లాభం చూపిస్తే ఇక తవ్వం అని మన ప్రభుత్వమే చెప్పింది. మన పన్ను ఆ కాస్త లాభం మీద. మీ అబ్బాయి రాసిన ప్రోగ్రాం మీద హక్కు ఇంకో దేశంలోని కంపెనీది. అది ప్రపంచమంతా అమ్ముడుపోయి కోట్లు తెస్తే, ఆ లాభం హక్కు ఎక్కడుందో అక్కడ పడుతుంది. అబ్బాయి జీతం నుంచి నెలనెలా టీడీఎస్ కోయడానికి మాత్రం ఇన్ని మెలికలు ఉండవు.

ప్రశ్న: వొడాఫోన్ కేసు చివరికి ఏమైంది?
– రాజాం

2007లో హచ్ ఫోన్ల వ్యాపారం వొడాఫోన్ చేతికి వచ్చింది, దాదాపు 1,100 కోట్ల డాలర్ల బేరం. టవర్లూ కస్టమర్లూ మన దేశంలో. చేతులు మారింది మాత్రం కేమన్ దీవుల్లోని ఒక కంపెనీకి ఉన్న ఒకే ఒక్క షేరు. కొన్నది నెదర్లాండ్స్ కంపెనీ. మన ఆదాయపు పన్ను శాఖ 11,000 కోట్ల రూపాయల పైన అడిగింది, 2012 జనవరిలో సుప్రీంకోర్టు చెల్లదంది. రెండు నెలలకే బడ్జెట్‌లో, 1962 నుంచీ వర్తించేలా చట్టం మార్చారు. తర్వాత 2020లో అంతర్జాతీయ మధ్యవర్తుల ముందు మన ప్రభుత్వం ఓడింది, ఇలాంటిదే అయిన కెయిర్న్ చమురు కంపెనీ కేసులోనూ అంతే. 2021 ఆగస్టులో ఆ పాత తేదీ నిబంధనను ఎత్తేసి, ఇలాంటి కేసులన్నిటిలో కలిపి కట్టించుకున్న 8,100 కోట్లు వెనక్కిచ్చే ఏర్పాటు చేశారు.

నా అభిప్రాయం అడిగితే, కంత మూయడం సరైనదే. ఇకనుంచి అని మూసి ఉంటే ఎవరూ వేలెత్తి చూపేవాళ్లు కాదు. మారిషస్ విషయంలో అలాగే చేశారు. ఏళ్ల తరబడి అక్కడి కంపెనీలు మన షేర్లు అమ్ముకుని ఇక్కడా అక్కడా లాభం మీద పన్ను లేకుండా వెళ్లిపోయేవి, 2016లో ఒప్పందం సవరించి 2017 ఏప్రిల్ నుంచి కొనే షేర్ల లాభం మీద పన్ను పెట్టారు. పాత తేదీల గొడవ లేకుండా పోయింది.

ప్రశ్న: ఎక్కడో ఐర్లండ్‌కో అమెరికాకో రావాల్సిన పన్ను పోతే విజయనగరంలో కూర్చున్న మనకేంటండీ నష్టం?
– కంటోన్మెంట్, విజయనగరం

పోతున్నది వాళ్లది ఒక్కటే కాదండీ. లాభాల తరలింపు వల్ల ప్రపంచ ప్రభుత్వాలు ఏడాదికి 10,000 నుంచి 24,000 కోట్ల డాలర్ల దాకా పోగొట్టుకుంటున్నాయని సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ అంచనా. కంపెనీ పన్ను మీద ఎక్కువగా ఆధారపడే పేద దేశాలకే ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. అయినా మీకు అంకెలతో కాదు, నేను చూసిన దానితో చెబుతాను.

లెక్చరర్ ఉద్యోగం రాకముందు నాలుగేళ్లు మన జిల్లాలోనే ఒక జనపనార మిల్లులో పద్దులు రాశాను. ప్రతి నెలా బయటి ఊరి నుంచి ఒక బిల్లు వచ్చేది, అందులో ఒకే ఒక్క లైను: ‘సాంకేతిక సలహాకు’. పక్కన అంకె. నాలుగేళ్లలో సలహా చెప్పడానికి ఒక్క మనిషి వచ్చింది లేదు. ఆ బిల్లు పంపే సంస్థ కూడా యజమానులదే. ఆ అంకెను నేనే ఖర్చు కింద రాసేవాణ్ణి, రాసిన ప్రతిసారీ లాభం అంత తగ్గేది. ఏడాది చివర మిల్లుకి నష్టం, కాబట్టి బోనసు చట్టం ప్రకారం ఇవ్వాల్సిన కనీసం 8.33 శాతమే. స్పిన్నింగ్‌లో పనిచేసే ఒక పెద్దాయన కిటికీ దగ్గరికి వచ్చాడు, కనుబొమ్మల మీద జనుము దూది అలాగే అంటుకుని ఉంది. “బాబూ, మిల్లు మూడు షిఫ్టులూ ఆడింది గదా, ఈ ఏడు కూడా నష్టమేనా?” అని అడిగాడు. పుస్తకంలో అలాగే ఉంది తాతా అన్నాను. అబద్ధం కాదు, పుస్తకంలో అలాగే ఉంది. ఆయన మొహం మాత్రం ఈ రోజుకీ మర్చిపోలేదు.

లాభం పద్దు మారితే పోయేది పన్ను ఒక్కటే కాదు, బోనసు పోతుంది, జీతం పెంచమని అడిగే నోరు పోతుంది, చిన్న వాటాదారుడి వాటా పోతుంది. మిల్లులో జరిగిందే దేశాల మధ్య జరుగుతోంది, బిల్లు మీద చిరునామా మాత్రమే వేరు.

ప్రశ్న: 15 శాతం పన్ను అని ప్రపంచమంతా ఒప్పందం చేసుకున్నారుగా, ఇక ఆగిపోయినట్టేనా? మనలాంటివాళ్లం చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఆమదాలవలస

ఆగలేదు, కొంత తగ్గింది. 2021 అక్టోబరులో మనతో సహా 136 దేశాలు ఒప్పుకున్నాయి. 75 కోట్ల యూరోల పైన ఆదాయం ఉన్న కంపెనీ ఎక్కడైనా 15 శాతం కంటే తక్కువ కడితే మిగతాది ఇంకో దేశం వసూలు చేసుకోవచ్చని దాని సారం. యూరప్ దేశాలు చాలావరకు 2024 నుంచి అమలు మొదలుపెట్టాయి. 2025 జనవరిలో అమెరికా మాకు వర్తించదంది, జూన్‌లో జీ7 అనే ఏడు సంపన్న దేశాల కూటమి వాళ్లు అమెరికా కంపెనీలకు మినహాయింపు ఇచ్చే అవగాహనకి వచ్చాయి. మనం ఆన్‌లైన్ ప్రకటనల మీద 2016లో పెట్టిన 6 శాతం లెవీని కూడా 2025 ఏప్రిల్ నుంచి తీసేశాం. అది తీసేయడం నాకు బాధగానే ఉంది.

చేయగలిగిందంటే, ఒకటుంది. ఏ దేశంలో ఎంత అమ్మారు, ఎంతమంది ఉద్యోగులున్నారు, ఎంత లాభం, ఎంత పన్ను అని దేశాలవారీ నివేదిక పెద్ద కంపెనీలు ఇవ్వాల్సిందే, మన దేశంలో 6,400 కోట్ల రూపాయల ఆదాయం దాటిన గ్రూపులకు ఇది తప్పనిసరి. కానీ అది పన్ను శాఖ దగ్గరే ఉండిపోతుంది, మీకూ నాకూ చూపించరు. యూరప్‌లో 2024 జూన్ తర్వాత మొదలైన ఆర్థిక సంవత్సరాలకి అలాంటి నివేదికను బహిరంగంగా పెట్టాలని చట్టం చేశారు. ఇక్కడా అలాగే పెట్టాలని అడగండి. మీ ఎంపీ గారు ఊరికి వచ్చినప్పుడు రోడ్డుతో పాటు, రైలు హాల్టుతో పాటు ఇది కూడా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నేను ఇచ్చాను. జవాబు వస్తే ఇక్కడే వేస్తాను.