బోర్డులో కుర్చీ ఇస్తామన్నవాళ్లను ముందు మీరే ఇంటర్వ్యూ చేయండి

ప్రభుత్వ రంగ బ్యాంకులో జనరల్ మేనేజర్‌గా పదవీ విరమణ చేసిన మీరు, కంపెనీల బోర్డుల్లో స్వతంత్ర డైరెక్టర్‌గా, అంటే యాజమాన్యంతో ఆర్థిక సంబంధాలు లేని సభ్యుడిగా, చేరడానికి ఏ అర్హతలు కావాలని, చేరాక సమర్థుడినని అనిపించుకోవడం ఎలాగని అడిగారు. నేను కూడా ఉద్యోగ జీవితంలో అధిక భాగం బ్యాంకు రుణాల విభాగంలోనే గడిపి, ఆ తర్వాత హైదరాబాద్ శివార్లలో ఫ్యాక్టరీ ఉన్న ఒక రసాయనాల కంపెనీ బోర్డులో ఐదేళ్ల విడత పూర్తి చేశాను. అర్హతల గురించి మీరు పడుతున్న ఆదుర్దాలో సగమైనా, మిమ్మల్ని పిలవబోయే కంపెనీ గురించి పడకపోతే ఆ పదవి మీకు అచ్చిరాదని నా గట్టి నమ్మకం.

అర్హతల సంగతి త్వరగానే తేలిపోతుంది. మానేసర్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కార్పొరేట్ అఫైర్స్ 2019 డిసెంబరు నుంచి నిర్వహిస్తున్న స్వతంత్ర డైరెక్టర్ల డేటాబ్యాంకులో పేరు నమోదు చేసుకోవాలి; మినహాయింపు లేనివారు ఆ తర్వాత రెండేళ్లలోగా ఆన్‌లైన్ పరీక్షలో 50 శాతం మార్కులు తెచ్చుకోవాలి. ఎన్నిసార్లు రాయాలన్నదానిపై పరిమితి లేదు. పాఠాలు కూడా ఆ సంస్థే అందిస్తుంది. ఇంత సులువైన పరీక్షకు కూడా కోచింగ్ పేరిట వేలకు వేలు వసూలు చేసేవాళ్లు బయలుదేరారు. ధ్రువపత్రాన్ని లింక్డ్‌ఇన్‌లో పెట్టుకుని పిలుపు కోసం ఎదురుచూస్తున్న మాజీ అధికారులు నాకు చాలామంది తెలుసు గానీ, దాన్ని చూసి పిలిచిన కంపెనీ మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు.

అసలు నియామకం ఎలా జరుగుతుందో చెబుతాను. కంపెనీల చట్టం ప్రకారం, డైరెక్టర్ల ఎంపికనూ పారితోషికాన్నీ చూసే నామినేషన్ అండ్ రెమ్యూనరేషన్ కమిటీ బోర్డుకు కావలసిన నైపుణ్యాలను బేరీజు వేసి, తగిన వ్యక్తిని వెతికి సిఫారసు చేయాలి. ఆచరణలో మాత్రం కంపెనీని తన చేతిలో ఉంచుకున్న ప్రమోటర్‌కు ముందే ఒక పేరు తడుతుంది. ఆ పేరు ఆయన ఆడిటర్ చెప్పినదో, కేబీఆర్ పార్కులో ఉదయపు నడకలో పరిచయమైన విశ్రాంత అధికారిదో అయివుంటుంది. కమిటీ ఆ తర్వాత కూర్చుని, తానే వెతికి పట్టుకున్నట్లు తీర్మానం రాసుకుంటుంది. నన్ను పిలిచిన తీరు కూడా ఇంతకు భిన్నమైనది కాదు. పెద్ద కంపెనీలు ఏజెన్సీలకు ఫీజు చెల్లించి వెతికిస్తాయంటారు, నిజమే. కానీ ఆ ఏజెన్సీలకు కూడా పేరుప్రతిష్ఠలే కొలమానం.

పేరుప్రతిష్ఠలు బోర్డును కాపాడవని మన హైదరాబాద్‌వాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, తన ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌నూ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటానూ దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదం తెలిపింది. హార్వర్డ్ ఆచార్యుడు, ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) డీన్, కేంద్ర ప్రభుత్వ మాజీ కేబినెట్ కార్యదర్శి, ఐఐటీ ఢిల్లీ మాజీ డైరెక్టర్ ఆ బోర్డు సభ్యుల్లో ఉన్నారు. మదుపరులు మండిపడడంతో కొన్ని గంటల్లోనే ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకున్నారు. 2009 జనవరి 7న, లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ రాజు రాసిన లేఖ బయటికొచ్చింది. ఆ కంపెనీకే 2008లో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా దక్కింది. అంతటి మేధావులకు తెలివి తక్కువై కాదు, తమ ముందుకు వచ్చిన కాగితాలకు వెలుపల ఏముందో అడిగే అలవాటు ఆ గదిలో లేకపోవడం వల్లే అలా జరిగిందని నేననుకుంటాను.

అందుకే పిలుపు రాగానే ఒప్పుకోకండి. పెళ్లి సంబంధానికి అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు విచారించే మనం, జైలుకు కూడా దారితీయగల సంతకాన్ని ఒక్క ఫోన్ కాల్‌తో పెట్టేస్తాం. బోర్డు సమావేశాల్లో ఏం జరిగిందో నమోదు చేసే మినిట్స్ పుస్తకం, గత రెండేళ్లది, చూపించమని అడగండి. చీఫ్ ఫైనాన్షియల్ ఆఫీసర్‌తోనూ, కంపెనీ సెక్రటరీతోనూ ప్రమోటర్ లేనప్పుడు విడివిడిగా మాట్లాడండి. చట్టబద్ధ ఆడిటర్ ఎప్పుడు మారాడో, ఎందుకు మారాడో కనుక్కోండి. మీ స్థానంలో ఇంతకుముందు ఉన్న వ్యక్తికి ఫోన్ చేయడం అన్నిటికన్నా ముఖ్యం. ఆయన ‘వ్యక్తిగత కారణాల వల్ల’ తప్పుకున్నానని మాత్రమే చెప్పి మాట మార్చేస్తే, ఆ మౌనాన్ని మీరు బ్యాంకులో ఎన్నోసార్లు విన్నవారే.

ఇక సమర్థత గురించి. దానికి నిర్వచనం చెప్పేకన్నా మా బోర్డులో జరిగిన ఒక సంగతి చెప్పడం మేలు. అజెండాతో పాటు వివరణ పత్రాలు ఏడు రోజుల ముందు రావాలన్నది నియమం. మాకు అవి తరచుగా ముందు రోజు రాత్రి వచ్చేవి, కొన్ని బల్ల మీదే ప్రత్యక్షమయ్యేవి. అలా ఒకసారి, విస్తరణ అవసరాల కోసం షాద్‌నగర్ వైపు భూమి కొనడానికి 12 కోట్ల రూపాయల అడ్వాన్సు ఇచ్చే ప్రతిపాదన ఒకే ఒక్క పేజీలో మా ముందుకు వచ్చింది. అమ్ముతున్న కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్‌గారి బావమరిదిది. ఇది సంబంధిత పక్షంతో, అంటే డైరెక్టర్ల బంధువులతోనో వారి సంస్థలతోనో జరిగే, లావాదేవీ కాదా అని నేను అడిగితే, కంపెనీ సెక్రటరీ ఎంతో వినయంగా, చట్టంలోని, 2014 నాటి నిబంధనల్లోని బంధువుల జాబితాలో భార్య, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నారు గానీ భార్య సోదరుడు లేడని వివరించాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. తెలుగు ఇళ్లలో వ్యాపారమంటూ ఉంటే అందులో బావమరిదికి ఉండే చోటు ఏమిటో ఆ జాబితా రాసినవారికి తెలియకపోయినా, బల్ల చుట్టూ కూర్చున్న మా అందరికీ తెలుసు.

నేను కోప్పడలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. లింకు దస్తావేజులు, ముప్పై ఏళ్ల ఈసీ (భూమి మీద ఉన్న తాకట్లు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం), ఇద్దరు స్వతంత్ర వాల్యుయర్ల నివేదికలు వచ్చేవరకు ఈ అంశాన్ని వాయిదా వేయమని మాత్రమే కోరాను. ‘సార్, మీరు మనవాళ్లే అనుకున్నాం’ అన్నారు ఎండీగారు నవ్వుతూ. నా పక్కన కూర్చున్న మరో స్వతంత్ర డైరెక్టర్, పెద్ద ప్రభుత్వ పదవుల్లో పనిచేసిన విశ్రాంత అధికారి, భోజనానికి ఆలస్యమవుతోందని గుర్తుచేశారు. చివరికి అంశం వాయిదా పడింది. తర్వాత ఈసీ తెప్పించి చూస్తే, ఆ భూమి అప్పటికే బావమరిది కంపెనీ తీసుకున్న అప్పుకు ఒక బ్యాంకులో తాకట్టులో ఉంది; మా అడ్వాన్సుతో ఆ బాకీ తీరుద్దామన్నది ఆలోచన.

కథ అక్కడితో ముగిసిందనుకుంటే పొరపాటు. సమావేశం జరిగిన పదిహేను రోజుల్లోగా పంపవలసిన ముసాయిదా మినిట్స్‌లో, బోర్డు ఈ ప్రతిపాదనను కూలంకషంగా చర్చించి సూత్రప్రాయంగా ఆమోదించిందని రాసి ఉంది. అభ్యంతరం తెలపడానికి డైరెక్టర్లకు ఏడు రోజుల గడువు ఉంటుంది. చాలామంది ఆ మెయిల్ తెరిచి కూడా చూడరు. వాయిదా వేశామని, ఏ పత్రాలు అడిగామో వాటి పేర్లతో సహా రాయాలని నేను వెంటనే జవాబు పంపి, దాని ప్రతిని సభ్యులందరికీ పెట్టాను. మినిట్స్ మారాయి, భూమి ప్రస్తావన మళ్లీ రాలేదు. ఎండీగారు పండుగలకు పంపే స్వీట్ల డబ్బా కూడా ఆగిపోయింది. విడత ముగిశాక రెండోసారి కొనసాగమని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఆశించలేదు.

ఈ కథలో నా ప్రతిభ ఏమీ లేదు. రుణాల విభాగంలో ఏ స్కేల్-2 (మేనేజర్ స్థాయి) అధికారి అయినా అడిగే ప్రశ్నలే అడిగాను. బోర్డు గదిలోకి అడుగుపెట్టగానే మనం ఆ ప్రశ్నలను మరచిపోతాం; పైగా వ్యూహం, దార్శనికత అంటూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడడం మొదలుపెడతాం. స్వతంత్ర డైరెక్టర్లు యాజమాన్యం లేకుండా ఏడాదికి కనీసం ఒకసారి విడిగా సమావేశం కావాలని చట్టంలోని నాలుగో షెడ్యూలు చెబుతుంది. మా కంపెనీలో అది భోజనం తర్వాత పది నిమిషాల తంతుగా సాగేది. దాన్ని మీరు గట్టిగా వాడుకోండి. మిగిలినవారి మనసులో ఉన్న అనుమానాలు అక్కడే బయటపడతాయి.

పారితోషికం గురించి కూడా భ్రమలు వద్దు. సమావేశానికి లక్ష రూపాయల వరకు సిట్టింగ్ ఫీజు ఇవ్వవచ్చని నిబంధన ఉన్నా, చిన్న కంపెనీలు వేలల్లోనే సరిపెడతాయి. స్వతంత్ర డైరెక్టర్లకు స్టాక్ ఆప్షన్లు (ముందే నిర్ణయించిన ధరకు కంపెనీ షేర్లు కొనే హక్కు) ఇవ్వడాన్ని చట్టమే నిషేధించింది. ఆ సొమ్ముకోసం వెళ్లేవాడు ప్రశ్న అడగడు, అడిగేవాడికి ఆ సొమ్ము లెక్కలోకి రాదు. బాధ్యత మాత్రం ఇద్దరికీ ఒకటే. బోర్డు ప్రక్రియల ద్వారా తనకు తెలిసి, తన సమ్మతితోనో అశ్రద్ధతోనో జరిగిన వాటికే స్వతంత్ర డైరెక్టర్ బాధ్యుడని 149(12) సెక్షన్ చెబుతుంది గానీ, ఆ రక్షణను నిరూపించుకునే లోపు పోలీసులు ఇంటికి రావచ్చు. డిపాజిటర్లకు సొమ్ము చెల్లించని నాగార్జున ఫైనాన్స్ కేసులో, ఆ బోర్డు నుంచి 1999లోనే తప్పుకున్న ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్ నిమేష్ కంపానీని అరెస్టు చేయడానికి ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2009లో ప్రయత్నించారు. ఆయన నెలల తరబడి విదేశాల్లోనే ఉండిపోవలసి వచ్చింది.

కాబట్టి డైరెక్టర్ల బాధ్యతా బీమా ఉందా, ఎంతకు ఉంది, మీరు వైదొలిగిన తర్వాత కూడా వర్తిస్తుందా అన్నది చేరే ముందే పాలసీ కాగితం తెప్పించుకుని చదవండి. ఎప్పుడైనా రాజీనామా చేయవలసి వస్తే అసలు కారణాలు రాసే చేయండి; కంపెనీయే కంపెనీల రిజిస్ట్రార్‌కు తెలియజేస్తుందని ఊరుకోకుండా, ముప్పై రోజుల్లోగా రాజీనామాను తెలిపే డీఐఆర్-11 ఫారం మీ సొంత డిజిటల్ సంతకంతో మీరే దాఖలు చేసి, కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఆ కంపెనీ డైరెక్టర్ల జాబితాలో మీ పేరు తొలగిందో లేదో చూసుకోండి.