కాంతి తిన్నగా ప్రయాణిస్తుందని పిల్లలకు ఎలా చూపించాలి?

మీ బాబు "కాంతి ఋజుమార్గంలో ప్రయాణించును" అని గడగడా అప్పజెబుతాడు గానీ, అంటే ఏంట్రా అంటే దిక్కులు చూస్తాడని రాశారు. 2019లో మా అమ్మాయి ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంట్లోనూ ఇదే కథ.

ముందు మూడు అట్టముక్కలకు చిల్లులు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి చూపించబోయాను. ఫ్యాన్ ఆపాలి, చిల్లులు ఒక వరుసలోకి రావు. పది నిమిషాల్లో ఇద్దరికీ విసుగొచ్చేసింది. చివరికి పనికొచ్చింది మా వాకిట్లోని కానుగ చెట్టు.

మిట్టమధ్యాహ్నం దాని కింద గచ్చు మీద వెలుగు మచ్చలు పడతాయి కదా, అవి గుండ్రంగా ఎందుకున్నాయని అడిగాను. "ఆకుల మధ్య సందులు గుండ్రంగా ఉంటాయేమో" అంది. రాలిన ఆకులు నాలుగు ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి చూడమన్నాను. ఒక్క సందూ గుండ్రంగా లేదు!

అసలు సంగతి ఏంటంటే, ఆ మచ్చ సందు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. సూర్యుడి ఒక అంచు నుంచి వచ్చిన కిరణం సందులోంచి తిన్నగా దూరి అవతలి పక్కన పడుతుంది, ఎదుటి అంచు నుంచి వచ్చింది ఇవతలి పక్కన. అలా తలకిందులుగా బొమ్మ పడుతుంది. కిరణాలు ఇష్టమొచ్చినట్టు వంకర్లు తిరిగితే బొమ్మ ఎక్కడిది?

తల ఊపింది గానీ నమ్మినట్టు లేదు. ఆ డిసెంబర్ 26న పొద్దున సూర్యగ్రహణం వచ్చింది. మా ఊళ్లో పాక్షికమే. అత్తగారు గడప దాటనివ్వలేదు, సరేనని కిటికీలోంచే చూశాం. చెట్టు కింద మచ్చలన్నీ నెలవంకలైపోయాయి, వందల కొద్దీ. కాసేపటికి అత్తగారే వచ్చి మా వెనక నిలబడ్డారు.

గ్రహణం కోసం మీరు ఆగక్కర్లేదు. సెంటీమీటరు వెడల్పున్న చదరపు అద్దం ముక్కతో ఎండను గదిలోపలి గోడ మీదికి మళ్లించండి. అద్దాన్ని గోడకు దగ్గరగా పెడితే మచ్చ నలుపలకలుగానే ఉంటుంది. పది మీటర్ల దూరం పోతే గుండ్రమైపోతుంది. మా అమ్మాయి స్కేలు పెట్టి కొలిస్తే దాదాపు 10 సెంటీమీటర్లు వచ్చింది. అంటే దూరంలో వందో వంతు. సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి అడ్డుకొలత 15 లక్షలని లెక్క కట్టింది. అసలుది దాదాపు 14 లక్షలు. అద్దం వెడల్పు వల్ల మచ్చ అంచులు కాస్త మసకబారి ఆ తేడా వచ్చింది. అంట్లు తోముకుంటూ ఆ లెక్క విన్నాను, నిజం చెప్పాలంటే నాకే ఒళ్లు గగుర్పొడిచింది.

అద్దం వెలుగు ఎవరి కళ్లలోనూ పడకుండా చూసుకోండి. సూర్యుడి వైపు నేరుగా చూడొద్దని బాబుకు ముందే గట్టిగా చెప్పండి, చల్లని కళ్లద్దాలు పెట్టుకున్నా సరే.